ముందు చేతులు చూడండి

చనిపోయిన మనిషి చేతుల్ని ఎవరో పట్టుచీర కిందికి సర్దేశారు. నేను వెళ్ళేసరికి ఆమెను వరండాలో పడుకోబెట్టి, మెడ దాకా కప్పి, పైన దండలు వేసి ఉంచారు. మొహం బాగానే ఉంది. ఎవరితోనో బేరమాడుతున్నట్టు కింది పెదవి కాస్త ముందుకు వచ్చి ఉంది. చేతులే కనిపించలేదు. చీపురుపల్లి బజారులో ముప్ఫై ఏళ్ళకు పైగా ఊళ్ళో ఆడవాళ్ళందరి మణికట్టులూ పట్టుకున్న చేతులవి. చూడవచ్చినవాళ్ళు జడుసుకుంటారనుకున్నారో, పెళ్ళి కావలసిన కొడుకున్న ఇల్లు కదా అనుకున్నారో నాకు తెలియదు.

“ఆ చేతులు బయటికి తియ్యండి” అనాలనుకున్నాను. నోటికి వచ్చింది మింగే అలవాటు నాకు లేదు. మా కాలేజీ స్టాఫ్ రూములో నన్ను చూసి కుర్చీలు మార్చుకునేవాళ్ళున్నారు. ఆ రోజు మాత్రం అనలేకపోయాను. ఆమె చివరి రెండేళ్ళూ ఒకే ఒక పెళ్ళి ఆపాలని తిరిగింది. నన్ను తోడు పెట్టుకుని తిరిగింది. ఆ తోడు ఏపాటిదో నాకు తెలుసు, గోడకు చేరబడి కూర్చున్న ఆమె అన్నకు తెలుసు. అందుకని నోరు మూసుకుని, నలుగురితో పాటు నాలుగు పూలు వేసి వచ్చేశాను.

ఆమె పేరు రాయను. ఊరంతా గాజులత్త అనేవారు, ఆమెకు అదే పేరు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో మొదట పరిచయమైంది ఆమె చేతులే. మాదీ ఆమెలాగే దుకాణాల కుటుంబం. చుట్టరికం లేకపోయినా అత్తా అని పిలవడం అలా కుదిరింది. స్టేషనుకు వెళ్ళే రోడ్డులో ఇరుకు కొట్టు. చుట్టూ గాజుల తోరాలు, మధ్యలో చెక్కపీట, దాని మీద ఆమె. నేను చెయ్యి చాపగానే ఆమె రెండు చేతులూ నా చేతి మీదికి వచ్చాయి. చేతుల వెనకభాగమంతా, వేళ్ళ కణుపుల దగ్గర్నుంచి మణికట్టు దాటేదాకా, కొన్ని నల్లగా, కొన్ని తెల్లగా, ఆవగింజలంతా మినపగింజలంతా మచ్చలు. అరచేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. పీట కింద పాదాలు చూశాను. వాటి మీదా అంతే.

“ఏమిటండీ ఇది, బొల్లా?” అన్నాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు, కొత్తగా తెచ్చుకున్న జువాలజీ డిగ్రీ ఉంది.

“బొల్లి కాదు, పెద్దరోగమూ కాదు. మా నాన్న ఇచ్చిన ఆస్తి. మా అన్నకీ నాకూ సమానంగా పంచీసినాడు. ఇదిగో, ఏళ్ళు కూడగట్టు, గట్టిగా పట్టకు. ఎముకతో దెబ్బలాడకూడదే అమ్మా, ఎముకని ఒప్పించాల.”

అలా అంటూనే నా బొటనవేలి మొదట్లో ఎముకను లోపలికి మడిచేసింది. నేను కెవ్వుమనేలోపు డజను గాజులూ ఎక్కేశాయి.

ఆమె దగ్గర వాదన గెలవడం కష్టం. మన చెయ్యి ఆమె చేతిలో ఉంటుంది, సగం గాజులు ఎక్కి ఉంటాయి, లేచిపోలేం. మాట వినని కోడళ్ళకూ, తాగొచ్చే మొగుళ్ళను వెనకేసుకొచ్చే పెళ్ళాలకూ ఆ పీట దగ్గరే తీర్పులు చెప్పేది. తనకు నచ్చని మాట ఎవరైనా అంటే వెంటనే బదులివ్వదు. గాజు ఎక్కేదాకా ఆగి, కణుపు దగ్గర కాస్త ఎక్కువ నొక్కి, “ఏటన్నావు? మళ్ళీ అను” అనేది. మళ్ళీ అన్నవాళ్ళు తక్కువ.

మచ్చలు చూసి చెయ్యి ఇవ్వనివాళ్ళూ ఉండేవారు. ‘మేమే వేసుకుంటాం లెండి’ అనేవారు. ఆమె మొహం మార్చేది కాదు. సబ్బునీళ్ళ గిన్నె వాళ్ళ వైపు జరిపి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూసేది. టప్పుమని ఒకటి, టప్పుమని రెండోది.

“రెండు పగిలినాయి. ఇప్పుడు సెయ్యిస్తావా, ఇంకో రెండు పగలగొట్టుకుంటావా?”

చెయ్యి ఇచ్చేవారు. రెండోసారి వచ్చేటప్పటికి పిల్లల్ని కూడా తెచ్చుకునేవారు.

నాకు అది చాలలేదు. ఒక మనిషి తన చేతుల గురించి బతుకంతా జవాబు చెప్పుకోవడం ఏమిటని, విజయనగరంలో చర్మవైద్యుడి దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన భూతద్దం పెట్టి చూసి, ఇంగ్లీషులో పొడుగాటి పేరొకటి చెప్పి, ఇది తరతరాలుగా వచ్చే మచ్చలేననీ, అంటుకోదనీ, ఒంటికి ఏ హానీ లేదనీ అన్నాడు. ‘ఆ ముక్క తెలుగులో రాసివ్వండి’ అని పట్టుబట్టాను. ఆయన విసుక్కుంటూ రాశాడు. ఆమె ఆ కాగితానికి లామినేషన్ చేయించి, కొట్టులో లక్ష్మీదేవి పటం కింద తగిలించింది. “సదువుకున్నదాని నోరుంటే కొట్టుకి కాపలా కుక్క అక్కర్లేదు” అని నలుగురిలో నన్ను మెచ్చుకుంది. ఆ మెప్పు నాకు చాలాకాలం తీపిగా ఉండేది.

ఆమెకు ఇద్దరు పిల్లలు, కూతురూ కొడుకూ. ఇద్దరికీ ఆరేళ్ళు రాకముందే చేతుల మీద చుక్కలు తేలాయి. భర్త ఎప్పుడో పోయాడు. కూతురికి సంబంధాలు చూసే వేళకు ఆమె ఒక పద్ధతి పెట్టింది. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళైనా ఇవ్వకముందే కూతుర్ని తెచ్చి ఎదురుగా నిలబెట్టి, “రెండు సేతులూ సాపు” అనేది. తర్వాత వాళ్ళతో, “ముందు సేతులు సూడండి. నచ్చితేనే మొకం సూడండి. ఎనకాల తెలిసి ఏడవడం మా ఇంటా వంటా లేదు” అనేది.

ముగ్గురు వచ్చారు. ముగ్గురూ చేతులు చూశారు. మొహం దాకా ఎవరూ రాలేదు. మూడోసారి నేనూ అక్కడే ఉన్నాను. పెళ్ళికొడుకు తల్లి తన కాఫీ గ్లాసు తాకకుండా పక్కకు జరిపింది. ‘ఆ గ్లాసు కడిగే తెచ్చారమ్మా, మీ బుద్ధి కడగడానికే ఈ ఊళ్ళో నీళ్ళు చాలవు’ అన్నాను. ఆమె లేచిపోయింది. గాజులత్త నన్నేమీ అనలేదు. కూతురు మాత్రం లోపలికి వెళ్ళి, మళ్ళీ ఎవరి ముందూ చేతులు చాపనని చెప్పింది.

అప్పుడు శృంగవరపుకోట నుంచి ఆమె అన్న వచ్చాడు. అక్కడ ఆయనకు కిరాణా కొట్టుంది. మచ్చలు ఆయనకూ ఉన్నాయి, ఆయన కొడుక్కూ కూతురికీ కూడా ఉన్నాయి. “మన పిల్లల్ని ఊరోళ్ళు ఎంచడమేటే? నా కొడుక్కి నీ కూతుర్ని సేసుకుంటాను. నా కూతురు పెద్దయ్యాక నీ కొడుక్కి ఇస్తాను. ఒకర్నొకరు ఎత్తిపొడుసుకోడానికి ఏటీ ఉండదు” అన్నాడు. కుండమార్పిడి అంటారు మా వైపు, ఇంటి పిల్లను ఇచ్చి ఆ ఇంటి పిల్లను తెచ్చుకోవడాన్ని. మచ్చలవాళ్ళకు మచ్చలవాళ్ళు. ఎవరి నోరూ లేవదు. ఆమె అన్న చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చింది. ఆ రోజు ఆమె మొహంలో ఉన్న ధీమా నేను మళ్ళీ చూడలేదు.

నేను ఏటా ఇంటర్ పిల్లలకు బఠాణీ మొక్కల పాఠం చెప్పేదాన్ని. దగ్గరి రక్తంలో పెళ్ళిళ్ళ గురించి ఆ పాఠం చివర ఒక పేరా ఉంటుంది. అది నాలుక చివరిదాకా వచ్చింది. కానీ గోడ మీద నేను రాయించిన కాగితమే ఉంది, ఏ హానీ లేదని. మహా అయితే పిల్లలకూ మచ్చలొస్తాయి, వస్తేనేం అనుకున్నాను. అనవసరమైన చోటల్లా వాదించే నేను, పెళ్ళిలో పులిహోర బాగుందని చెప్పి వచ్చాను.

మనవరాలు పుట్టింది. తొమ్మిదో నెలకు కూర్చుంది. పదో నెలకు తాతను ‘త్తా’ అనేది, చప్పట్లు కొట్టేది. చిన్న చిన్న గాజులు తొడిగితే చెయ్యి ఆడించి చప్పుడు వినేది. వానాకాలంలో ఒక జ్వరం వచ్చింది, ఊళ్ళో అందరి పిల్లలకూ వచ్చినట్టే. మూడో రోజుకు జ్వరం దిగింది. పిల్ల దిగజారిపోయింది. మెడ నిలబడలేదు. చూపు ఎక్కడో ఉండేది. నాలుగు రోజులకు ఒళ్ళు కర్రలా బిగుసుకుంది.

మెదడుకు వైరస్ సోకిందన్నారు. వెన్నులోంచి నీరు తీసి చూస్తే ఏ వైరసూ దొరకలేదు. ఇంకో ఆసుపత్రి, ఇంకో పరీక్ష. దొరకలేదు. “కనబడని జొరం ఎక్కడిదే? నువ్వు సదువుకున్నావు కదా, ఎతుకు” అని గాజులత్త నన్ను పీడించేది. వెతికాను. నాకూ దొరకలేదు.

ఏడాది తిరిగాక, ఆమె అన్నతో సహా అందరం విశాఖలో పిల్లల నరాల వైద్యురాలి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ పిల్లను చాలాసేపు చూసింది. తర్వాత తల్లిదండ్రుల్ని ఏవో అడుగుతూ మధ్యలో ఆగిపోయి, “మీ చేతులు ఒకసారి చూపించండి” అంది. గాజులత్త అలవాటుకొద్దీ తన చేతులే ముందు బల్ల మీద పెట్టింది. “అందరివీ ఒకలాగే ఉంటాయమ్మా, అంటుకోవు” అంది. డాక్టరు నాలుగు జతల చేతులు చూసి రక్తపరీక్షకు రాసింది.

ఫలితం వచ్చాక ఆవిడ కాగితం మీద బొమ్మలు గీసి చెప్పింది. ఒంట్లో ప్రతి కణంలోనూ మూలప్రతి ఒకటి ఉంటుంది. రోజువారీ పనికి దాని నుంచి ఆర్‌ఎన్‌ఏ అనే నకళ్ళు తయారవుతాయి. ఆ నకళ్ళలో కొన్ని తమ మీద తామే మడతపడి, చూడ్డానికి అచ్చం వైరస్ తెచ్చే సరుకులా కనిపిస్తాయి. ఎ.డి.ఎ.ఆర్. అని ఒక జన్యువు ఉంది. దాని పని ఆ నకళ్ళలో అక్కడక్కడా ఒక అక్షరం దిద్దడం. ఆ దిద్దుబాటు ఉంటే ఒంటి కాపలావాళ్ళు ఇది మనదేనని వదిలేస్తారు. లేకపోతే వైరస్ పడిందని విరుచుకుపడతారు. ఆ జన్యువు మనకు రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక ప్రతి పాడైనవాళ్ళకు చేతుల మీద, పాదాల మీద మచ్చలు వస్తాయి, చాలామందికి అంతటితో సరి. ఈ పిల్లకు రెండు వైపుల నుంచీ పాడైనదే వచ్చింది. జ్వరం వచ్చినప్పుడు రేగిన కాపలా మళ్ళీ చల్లారలేదు.

గాజులత్త చాలాసేపు ఆ బొమ్మలు చూసింది. తర్వాత మెల్లగా అంది. “ఊళ్ళో దొంగలు తిరుగుతన్నారని పుకారొచ్చినప్పుడు, ముసుగేసుకుని అత్తోరింటికొచ్చిన అల్లుణ్ణి పట్టుకుని సావగొట్టీసినారంట ఓ ఊళ్ళో. అలగా?”

“సరిగ్గా అలాగే” అంది డాక్టరు.

“అల్లుడేనని తెలిశాక ఆపరేటి మరి?”

డాక్టరు కాపలాను చల్లార్చడానికి మాత్రలు రాసింది. ఉన్నది నిలబడవచ్చు, పోయింది తిరిగి రాదు అని చెప్పింది. మళ్ళీ బిడ్డ కావాలంటే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ఇలాగే కావచ్చనీ, కడుపులో ఉండగానే పరీక్ష చేయవచ్చనీ చెప్పింది.

ఇంటికొచ్చాక నేను దొరికిందల్లా చదివాను. కొన్ని కేన్సర్లలో ఇదే జన్యువు అతిగా పనిచేస్తుందట. గడ్డను కూడా ‘మనదే’ అని దిద్ది కాపలా కళ్ళు కప్పుతుందట. దాన్ని అణిచే మందు కోసం వెతుకుతున్నారట. ఆ సంగతి కొట్టులో కూర్చుని ఆమెకు చెప్పాను. ఎందుకు చెప్పానో, ఏదో ఒకటి చెప్పాలి కదా.

“అణిసే మందు ఎతుకుతున్నారు సరే. పెంచే మందో?”

“లేదు అత్తా.”

“మరెందుకు సదివినావే అంత?”

ఆ తర్వాత మొదటిసారి ఆమె చేతులు పమిట కింద చూశాను. కొట్టుకు ఎవరైనా వస్తే గాజులు సైజు చూసి ఇచ్చి, సబ్బునీళ్ళు జరిపి, “మీరే ఏసుకోండమ్మా” అనేది. పగిలితే పగిలాయి. గోడ మీది కాగితం తీసేసింది. నేను దెబ్బలాడాను. మచ్చల తప్పు కాదు అత్తా, రెండు మచ్చల్ని కలపడంలో వచ్చిన చిక్కు అన్నాను.

“కలిపిందెవరు? నువ్వా?” అంది. అంతే. కణుపు నొక్కినంత నొప్పిగా ఉంది ఆ మాట.

ఒక్క మనవరాలి ముందు మాత్రం ఆ చేతులు దాచేది కాదు. వారానికి రెండుసార్లు శృంగవరపుకోట వెళ్ళేది. ఆ పిల్ల పిడికిళ్ళు బిగుసుకుని గోళ్ళు అరచేతుల్లో దిగబడిపోయేవి. తల్లి లాగితే ఇంకా బిగిసేవి. అమ్మమ్మ పక్కన కూర్చుని, బొటనవేలి మొదలు పట్టుకుని, ఏదో గొణుగుతూ చాలాసేపు అలాగే ఉండేది. మెల్లగా వేళ్ళు విడేవి. లోపల చెమట తుడిచి, గోళ్ళు తీసి, మెత్తటి గుడ్డ చుట్టి పెట్టేది. ఆమె లేచేసరికి పిడికిలి మళ్ళీ మూసుకునేది.

ఇక మిగిలింది రెండో పెళ్ళి. అన్న కూతురు డిగ్రీ పూర్తి చేసింది. గాజులత్త కొడుక్కి విజయనగరంలో ఉద్యోగం వచ్చింది. ఇచ్చిపుచ్చుకున్న మాటలో సగం అలాగే ఉంది. దాన్ని ఆపాలని ఆమె పట్టుదల. “ఒకటి నా సేతులతో సేసినాను. రెండోది నా కళ్ళ ముందర జరగనివ్వను” అంది. కొడుకు మా కాలేజీలో చదివినవాడే, బఠాణీ మొక్కల పాఠం నా దగ్గరే విన్నాడు. వాణ్ణే కాదనమని అడిగాను. “అక్క ఆ ఇంట్లో ఉంది మేడమ్. ఆ పిల్లతో ఉంది. నేను వద్దంటే అక్కని అక్కడ ఎవరూ ఏమీ అనరు. కానీ అక్క ఎలా ఉంటాది?” అన్నాడు. అది పాఠంలో లేదు.

ఒక వేసవి పొద్దున మేమిద్దరం కోట వెళ్ళాం. ఆమె అన్న హాల్లో చాప మీద కూర్చుని, మనవరాలి తల మోచేతి మీద పెట్టుకుని చోడిజావ తాగిస్తున్నాడు. చెంచాకు సగం లోపలికి, సగం బయటికి. తుడిచి మళ్ళీ పెడుతున్నాడు. ఆయన మీద విరుచుకుపడాలని దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు ఆ చెంచా చూసేసరికి సగం చప్పబడ్డాయి.

“అన్నా, ఆ పెళ్ళి వద్దు” అంది ఆమె, చెప్పులు విప్పకముందే.

“కూకో ముందు. ఎండన పడొచ్చినావు.”

“కూకోడానికి రాలేదు. పిల్లని నా ఇంటికి పంపకు. ఇంకెక్కడికైనా పంపు.”

“ఎక్కడికి?” అని అడిగాడాయన. కోపంగా కాదు. ఊరి పేరు చెబితే బస్సెక్కేలా అడిగాడు. మళ్ళీ ఆయనే అందుకున్నాడు. “డాట్రమ్మ ఏటన్నాది? నాలుగింట ఒకటి అన్నాదా లేదా? ఆ ఒకటీ ఇదిగో, నా ఒళ్ళో ఉన్నాది. మన ఇంటికి రావలసింది వచ్చీసింది. ఇంక మూడూ మంచివే కదా.”

ఇది నాకు తెలిసిన చోటు. దూకాను. “అలా కాదండీ. మీరు గవ్వలు వేస్తారు కదా, ఒకసారి పడిన పందెం రెండోసారికి గవ్వలకు గుర్తుంటుందా? ప్రతి కాన్పుకూ మళ్ళీ కొత్తగా వేసినట్టే. మీ అమ్మాయికైనా అంతే, మీ కోడలికి రెండో కాన్పైనా అంతే.”

ఆయన చెంచా ఆపి ఆలోచించాడు. “అంటే మూడొంతులు మంచిగానే పడొచ్చు?”

“పడొచ్చు. పడకపోనూ వచ్చు.”

“పోనీ, మచ్చల్లేనోడికి ఇస్తే?”

“అప్పుడీ జబ్బు భయం దాదాపు లేనట్టే. పిల్లలకు మచ్చలు రావచ్చు. అంతకు మించి ఏమీ కాదు. చేతులు చూసి జడుసుకోని కుటుంబం ఒకటి చాలు మీకు.”

“ఈ సంగతి ఇంత బాగా తెలిసినోళ్ళు నాకు ఎక్కడా కనపళ్ళేదమ్మా” అన్నాడాయన. పిల్ల మూతి తుడిచి, తల దిండు మీదికి దించాడు. “మీదీ మాదీ ఒకటే కులం. మీకో అబ్బాయి ఉన్నాడు. విశాఖలో ఉద్యోగం సేస్తన్నాడని మా సెల్లెలు సెప్పింది. సేసుకుంటారేటి మా పిల్లని? ఎటకారం కాదమ్మా, నిజంగానే అడుగుతన్నాను. మీరు ఊఁ అంటే ఇప్పుడే ఆ మాట తెంపీస్తాను.”

అప్పుడు తల ఎత్తి చూశాను. ఆ అమ్మాయి టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. పళ్ళెం అంచుల మీద రెండు చేతులూ కనిపిస్తున్నాయి. మొహం చూశానో లేదో నాకు గుర్తు లేదు.

“వాడు... ఇప్పుడే పెళ్ళి వద్దంటున్నాడండీ” అన్నాను. నా హ్యాండ్‌బ్యాగులో ఉన్న ఫోనులో వాడికి వచ్చిన సంబంధాల ఫోటోలున్నాయి. అందులో ఇద్దరు పిల్లల గురించి ముందు రోజే వాడితో మాట్లాడాను.

గాజులత్తే వెళ్ళి పళ్ళెం అందుకుంది. “ఆళ్ళబ్బాయి ఊసు ఎందుకులే అన్నా. తాగండి, సల్లారిపోతాది.”

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. విజయనగరంలో దిగాం. అక్కడ బస్సు మారాక, “అత్తా” అన్నాను.

“ఏటీ సెప్పకు. నువ్వు అబద్ధం ఆడితే మొకం ఎలాగుంటాదో ఇన్నాళ్ళకి సూసినాను. సుద్ద ముక్కలాగ తెల్లబోయింది” అని నవ్వింది. నవ్వు ఆగాక బయటికి చూస్తూ అంది. “నానైనా అదే సెప్తాను. నా కొడుక్కి మచ్చల్లేకపోతే, మచ్చలున్న పిల్లని నాను సేసుకుందునేటి? దండమెట్టి వద్దందును.”

ఆమె నన్ను తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అని ఉండేదాన్ని. నాకు తెలిసిన బతుకు అది. ఆమె క్షమించేసరికి ఏం చెయ్యాలో తెలియలేదు.

తర్వాత ఆ అమ్మాయి కోసం నిజంగానే తిరిగాం. నా స్నేహితురాళ్ళకు ఫోన్లు చేశాను. శ్రీకాకుళంలో ఒక లెక్చరర్ల కుటుంబం, చదువుకున్నవాళ్ళు, జన్యువుల గురించి నాకే రెండు ముక్కలు చెప్పినవాళ్ళు, ఫోటో చూసి బాగుందన్నారు. చేతుల ఫోటో పంపాను. వాట్సాప్‌లో నీలం గీతలు పడ్డాయి, జవాబు రాలేదు. అలా మూడు ఇళ్ళు. నాలుగో ఇంటివాళ్ళు ఒప్పుకున్నట్టే ఉండి, అబ్బాయి జాతకం కలవలేదన్నారు. “జాతకం అన్నారా? మర్యాదస్తులే” అంది గాజులత్త.

ఆమె ఒక శుక్రవారం మధ్యాహ్నం కొట్టులోనే, గాజుల తోరం కొక్కేనికి తగిలిస్తూ కూలిపోయింది. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది.

పదకొండో రోజు భోజనాల దగ్గర ఆమె అన్న అందరికీ వినిపించేలా చెప్పాడు. తల్లి పోయిన ఏడాది లోపల పెళ్ళి చేసెయ్యాలట, లేకపోతే మూడేళ్ళు ఆగాలట. మూడేళ్ళు ఆడపిల్లను ఎలా ఉంచుతాం, పైగా చెల్లెలికి ఇచ్చిన మాట అన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. ఆయన కళ్ళు అబద్ధమాడలేదు. ఆ మాట తిరిగి తీసుకోమని ఆ చెల్లెలు ఎన్నిసార్లు ఆ గుమ్మం తొక్కిందో అక్కడ నేను చెప్పగలిగి ఉండీ చెప్పలేదు. నా వైపు చూసి, ‘మరి మీ అబ్బాయో?’ అని ఆయన అడగడు, మంచివాడు. అడగకపోయినా వినబడుతుంది. ఆమె బతికుండగా ఆగని పెళ్ళి, ఆమె పోవడంతో తొందరపడింది.

నిన్న సాయంత్రం గాజులత్త కొడుకు శుభలేఖ పట్టుకుని వచ్చాడు. కార్డుకు నాలుగు వైపులా పసుపు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు.

“డాట్రమ్మ సెప్పిన పరీక్ష చేయించుకుంటాం మేడమ్. తనతో మాట్లాడాను. మావయ్యకి సెప్పలేదు.”

“మంచి పని చేశావురా.”

“‘పరీక్షలో అదే వస్తే?’ అని అడిగింది.” వేలికంటిన పసుపు తుడుచుకున్నాడు. “అలా వచ్చిందనుకోండి, తీయించీస్తాం అని సెప్పాలా మేడమ్? ఇంట్లో అక్క కూతుర్ని రోజూ ఎత్తుకుంటాది తను. దాన్ని చూస్తా, ఆ మాట ఎలా సెప్పను?”

నా దగ్గర పాఠాలు విన్న పిల్లవాడు, జవాబు కోసం మునుపటిలాగే నా మొహంలోకి చూస్తున్నాడు. కాఫీ తాగుతావా అన్నాను. వద్దన్నాడు, ఇంకా చాలా ఇళ్ళున్నాయన్నాడు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, “ఇంటిల్లిపాదీ రావాల మేడమ్. అన్నని కూడా తీసుకురండి” అన్నాడు. “అన్నకి ఎక్కడైనా కుదిరిందేటి?”

“చూస్తున్నాం” అన్నాను.

“మంచి పిల్లే దొరుకుతాది లెండి.”

ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు.